సన్న సెగ

మా ఇంట్లో మనుషులం ముగ్గురం. నాలుగోది ల్యాప్‌టాపు. మనుషుల్లో ఎవరికైనా ఒళ్ళు వెచ్చబడితే పెద్ద హడావుడేమీ ఉండదు. మా ఆవిడ మిరియాల కషాయం కాచి ఇచ్చి, దుప్పటి కప్పి పడుకోమంటుంది. కాని మొన్నటి వేసవిలో ఆ నాలుగో ప్రాణికి వేడి చేసినప్పుడు మాత్రం ఇల్లంతా తలకిందులయింది.

మాది అచ్చంపేట. నల్లమల అడవికి గడప వంటి ఊరు. అడవి పక్కనే గదా, చల్లగా ఉంటుందని అనుకునేరు. ఉమామహేశ్వరం కొండ మీద చెట్ల నీడన నిలబడితే చల్లదనం ఉన్నమాట నిజమే. ఊళ్ళో, స్లాబు ఇంట్లో, మేడ మీది గదిలో, మే నెల మధ్యాహ్నం రెండు గంటలకు కూర్చుంటే మాత్రం అట్ల పెనం మీద కూర్చున్నట్టే. ఆ గదే మా చిన్నమ్మాయి చదువుకునే గది. కింద గదుల్లో టీవీ మోత, వచ్చే పోయే చుట్టాలు. చదువుకు పైగదే మేలని ఏర్పాటు చేసింది నేనే.

మా చిన్నది బ్యాంకు పరీక్షకు చదువుతున్నది. అంతకుముందు ఏడాది పట్నంలో ఒక హాస్టల్లో ఉండి కోచింగు తీసుకుంది. ఆరు నెలలు తిరగకుండానే పచ్చకామెర్లతో ఇంటికి వచ్చింది. ఆ నలభై రోజులూ మా ఆవిడ కంటి మీద కునుకు లేదు. పథ్యం అన్నం, చెరకు రసం, చెట్ల మందు, ఇంగ్లీషు మందు - ఏది పని చేసిందో గాని పిల్ల లేచి తిరిగింది. ఇక హాస్టలు మాట ఎత్తవద్దని మా ఆవిడ అప్పుడే శాసనం చేసింది. "చదువులన్నీ ఇప్పుడు కంప్యూటర్లనే వస్తున్నయట గదా, ఇంట్లనే చదువుకోనీయండ్రి" అంది. నా పెన్షనుకు సరిపోయే ధరలో ఒక సెకండ్‌హ్యాండు ల్యాప్‌టాపు కొన్నాము. పాత యంత్రానికి విండోస్ బరువవుతుందని, మా ఎదురింటి కుర్రాడు అందులో లైనక్సు ఎక్కించి పెట్టాడు. వాడు ఒకప్పుడు నా దగ్గర లెక్కలు చదువుకున్నవాడే. ఇప్పుడు పట్నంలో ఒక కంపెనీకి ఇంటి దగ్గరనుంచే పని చేస్తున్నాడు.

చలికాలమంతా బాగానే గడిచింది. ఎండలు ముదిరిన తర్వాత మొదలయింది కథ.

ఒక ఆదివారం మధ్యాహ్నం మాదిరి పరీక్ష రాస్తోంది పిల్ల. గంటలో నూరు ప్రశ్నలు. నేను కింద వసారాలో పేపరు చదువుతూ, మధ్య మధ్య గోడ గడియారం చూస్తున్నాను. ఇంకో పది నిమిషాలుందనగా పైనుంచి "అయ్యో!" అని కేక. పరుగెత్తి వెళ్ళాను. తెర నల్లగా ఉంది. యంత్రం కింద చెయ్యి పెడితే కాలింది.

"ఏమయింది బిడ్డా?"

"బందయింది నాయినా. ఎనభై ఏడో ప్రశ్న కాడ బందయింది."

మరునాడు మళ్ళీ అంతే. ఆ మరుసటి ఆదివారం మళ్ళీ అంతే. మూడోసారి పిల్ల ఏడవలేదు. పుస్తకాలన్నీ ఒక సంచిలో సర్దుకుని కిందికి దిగి వచ్చి, "నేను పట్నం పోత నాయినా. హాస్టల్ల ఉండి చదువుకుంట. ఇంట్ల అయ్యే పని గాదు" అంది. మా ఆవిడ చేతిలోని చేట కింద పెట్టింది. ఒక్క మాట కూడా అనలేదు. అన్నా బాగుండేది.

ఆ వారమంతా మేము చేసిన వైద్యాలు ఒకటి కాదు. మా ఆవిడ టేబులు ఫాను తెచ్చి దాని ముఖాన పెట్టింది. నేను నాలుగు ఇటుక ముక్కలు కడిగి, నాలుగు కాళ్ళ కింద పెట్టి ఎత్తు చేశాను. ఒకనాడు కూలరు ఎదుట కూర్చోబెట్టాము. తడి గుడ్డ చుడదామని కూడా నాకు తోచిందిగాని, కరెంటు వస్తువుకు తడి గుడ్డ చుట్టే తెలివి మా వంశంలో ఎవరికీ లేదని మా ఆవిడ గుర్తు చేసింది. చివరకు ఎదురింటి కుర్రాణ్ణి పిలిచాను.

వాడు వస్తూనే చిన్న స్క్రూడ్రైవరుతో వెనక మూత విప్పాడు. లోపలి ఫాను రెక్కలకు పత్తి జిన్నింగు మిల్లులో పట్టినంత దూది పట్టి ఉంది. "పరుపు మీద పెట్టి వాడుతున్నరా పెద్దమ్మా?" అని అడిగాడు. ఔను, రాత్రిళ్ళు పిల్ల పడక మీద పెట్టుకునే చదివేది. గాలి పీల్చుకునే రంధ్రాలు అడుగునే ఉంటాయట. పరుపు మీద పెట్టడమంటే ముక్కు మూసి పరుగెత్తమనడమేనట. వాడు దుమ్మంతా దులిపాడు. ప్రాసెసరు అనే బిళ్ళకూ, దాని వేడిని మోసుకుపోయే రాగి గొట్టానికీ మధ్య ఎండిపోయిన లేపనం తీసి, వెన్నలాంటి కొత్త లేపనం రాశాడు. మూత బిగించి, యంత్రం లేపి, పిల్ల వినే పాఠం ఒకటి ఆడించి, పక్కన నల్లటి తెర ఒకటి తెరిచి ఏదో టైపు చేశాడు. తెల్లటి అంకె పడింది: 97000.

"తొంభై ఏడు వేలా!" అన్నాను.

"వెయ్యితోని భాగించుండ్రి సారూ. డిగ్రీల వెయ్యో వంతులల్ల చూపెడ్తది. దశాంశం చుక్క బాధ లేకుండ."

తొంభై ఏడు డిగ్రీలు! మరో మూడు డిగ్రీలయితే నీళ్ళు మరుగుతాయి. ఇలాంటి బిళ్ళలకు చాలావాటికి నూరు డిగ్రీలే హద్దట. ఆ దరిదాపులకు రాగానే బిళ్ళ తనను తాను కాపాడుకోవడానికి ఉన్నపళంగా వేగం తగ్గించేసుకుంటుందట. అప్పుడే పాఠంలో బొమ్మ నత్తి నత్తిగా నడుస్తుంది. అయినా వేడి దిగకపోతే ప్రాణం దక్కించుకోవడానికి మొత్తం ఆపేసుకుంటుంది. పిల్ల ఎనభై ఏడో ప్రశ్న దగ్గర జరిగింది అదే.

"దుమ్ము తీసినంక గూడ గిట్ల ఉందంటే, డ్రైవరు ఏం చేస్తున్నడో చూడాలె" అన్నాడు కుర్రాడు.

నేను అప్రయత్నంగా వీధి వైపు చూశాను. వాడు నవ్వి చెప్పాడు. యంత్రాన్ని ఏలే పెద్ద ప్రోగ్రాము - ఆపరేటింగ్ సిస్టం - ప్రతి భాగంతోనూ తానే మాట్లాడలేదు. ఒక్కొక్క భాగం భాష తెలిసిన చిన్న ప్రోగ్రాము ఒక్కొక్కటి మధ్యన ఉంటుంది. దాని పేరే డ్రైవరు. ముద్రణ యంత్రానికొక డ్రైవరు, తెరకొక డ్రైవరు. ప్రాసెసరు ఎంత వేగంతో నడవాలో దానికి చెప్పే డ్రైవరు మరొకటి.

నాకు మన ఆర్టీసీ డ్రైవరే మనస్సుకు వచ్చాడు. మన్ననూరు దాటి అడవిలో పడి, దోమలపెంట దగ్గర కృష్ణ వైపు మలుపులు తిరుగుతూ దిగేటప్పుడు చూడండి. లోపల కూర్చున్న వాళ్ళు తొందరగా పోనియ్యమంటారు. డిపో వాళ్ళు డీజిలు పొదుపు చేయమంటారు. ఇంజను వేడెక్కుతూ ఉంటుంది. ఈ ముగ్గురి మాటా విని, ఎక్కడ తొక్కాలో ఎక్కడ వదలాలో తెలిసిన కాలు ఒకటి కావాలి. యంత్రంలోని డ్రైవరు పనీ అదే. కాకపోతే అది సెకనులో ఎన్నోమార్లు ఆ నిర్ణయం తీసుకుంటుంది.

"మరి ఎంత తొక్కాల్నో దానికి ఎవరు చెప్తరురా?" అన్నాను.

"గవర్నరు, సారూ."

ఈసారి రాజభవనం వైపు చూడలేదు. ఈ మాట నాకు తెలుసు. మా నాయన కాలంలో బావి మీద ఆయిల్ ఇంజను ఉండేది. దాన్ని ఒకసారి మెకానిక్కు విప్పినప్పుడు లోపల రెండు ఇనుప గుండ్లు చూశాను. అదే గవర్నరు అన్నాడు. ఇంజను జోరెక్కితే గుండ్లు దూరం జరిగి డీజిలు తగ్గిస్తాయి. జోరు తగ్గితే దగ్గరికి వచ్చి డీజిలు పెంచుతాయి. 1788లో జేమ్సు వాట్ తన ఆవిరి యంత్రానికి ఇటువంటి గుండ్లనే తగిలించాడని తర్వాత చదివాను. పంపు పట్టా తెగినప్పుడు బరువు పోయిన ఇంజను ఒక్కసారి ఎగిరి రొదపెట్టి, మరుక్షణంలో తనంత తానే సర్దుకోవడం నా చిన్నతనంలో చూసిన పెద్ద వింత. అంతటి గవర్నరు ఈ పలక సైజు యంత్రంలో కూడా ఉన్నాడంటే చుట్టం కనబడినట్టయింది.

ఇక్కడ గుండ్లు లేవు, లెక్కలే. ఒకప్పుడు కంప్యూటరు ప్రాసెసర్లకు సాధారణంగా ఒకటే వేగం. పని ఉన్నా లేకున్నా అదే పరుగు. 2000లో ఇంటెల్ వారు ల్యాప్‌టాపులకు స్పీడ్‌స్టెప్ అనే ఏర్పాటు తెచ్చారు. కరెంటుకు తగిలించి ఉంటే ఒక వేగం, బ్యాటరీ మీద ఉంటే కాస్త తక్కువ వేగం. రెండు గేర్ల బండి అన్నమాట. తర్వాత గేర్లు పెరిగాయి. గేర్లు పెరిగితే ఎప్పుడు ఏది వేయాలో చూసే బుద్ధి కావాలి గదా. లైనక్సులో అందుకు ఆన్‌డిమాండ్ అనే గవర్నరును రాశారు. కుర్రాడు ఆ ప్రోగ్రాము ఫైలు తెరిచి చూపించాడు. పైన రాసినవారి పేర్లున్నాయి. 2001 అని రస్సెల్ కింగ్ పేరు, దాని కింద 2003 అని వెంకటేశ్ పల్లిపాడి పేరు. మన దేశపు పేరు అక్కడ చూసేసరికి, ఇంటి పక్క పిల్లవాడి పేరు పేపర్లో పడినంత సంతోషం కలిగింది నాకు. ఆయన, అలెక్సీ స్టారికోవ్‌స్కీ కలిసి 2006లో కెనడాలోని అటావాలో జరిగిన లైనక్సు సభలో దాన్ని గురించి పత్రం కూడా సమర్పించారట.

ఆ గవర్నరు నడిచే తీరు మా బడిలో హెడ్మాస్టరు తీరు. ఘడియ ఘడియకూ వచ్చి తొంగి చూస్తుంది. ప్రాసెసరు సమయంలో నూటికి ఎనభై వంతులకు మించి పనిలోనే ఉందా? అయితే ఆలోచించకుండా పూర్తి వేగానికి ఎక్కిస్తుంది. అంత పని లేదా? పనికి సరిపడే వేగానికి దింపుతుంది. మనం ఒక పేజీ చదువుతున్నంత సేపూ యంత్రానికి పనేముంది? తర్వాతి పేజీ తిప్పమన్నప్పుడు ఒక్క దూకు దూకితే చాలును.

ఇంతవరకూ విని మా ఆవిడ, "గింత తెలివిగల్ల ఏర్పాటు ఉంటె మరి ఎందుకు కాలుతున్నట్టు?" అని అసలు ప్రశ్న వేసింది.

కుర్రాడు మరో పంక్తి టైపు చేశాడు. ఒక ఇంగ్లీషు మాట పడింది: పర్ఫార్మెన్స్. వాడు కనుబొమలు ముడిచాడు.

"ఇదెవరు మార్చిన్రు? నేను పెట్టినప్పుడు పవర్‌సేవ్ ఉండె గదా."

పిల్ల నాకేమి తెలియదంది. నేను కిటికీలోంచి వేపచెట్టును శ్రద్ధగా చూశాను.

"ఉగాది నాడు రాత్రి కండ్లద్దాలు పెట్టుకోని దాంట్ల తలకాయ పెట్టి కూసున్నది ఎవరో?" అంది మా ఆవిడ, నింపాదిగా.

ఇక దాచి లాభం లేదు. ఔను, నేనే. ఉగాదికి ముందు పిల్ల ఒకసారి "మెల్లగ నడుస్తున్నది నాయినా" అంది. ఆ రాత్రి ఇంటర్నెట్టులో వెతికాను. పవర్‌సేవ్ అని ఉంటే పర్ఫార్మెన్స్ అని మార్చమని ఎవరో సలహా రాశారు. పవర్‌సేవ్ అన్న మాట చూడగానే నాకు ఒళ్ళు మండింది. డబ్బు పోసి కొన్న వస్తువు ఇన్ని నెలలూ పిసినిగొట్టుగా పని చేస్తోందా! అడుగున చీటీ మీద రాసి ఉన్న పాస్‌వర్డు చూసి, ఆ సలహాలోని రెండు పంక్తులూ అక్షరం పొల్లుపోకుండా ఎక్కించాను. మొదటిది వేగం మార్చేది. రెండోది యంత్రం లేచినప్పుడల్లా అదే అమలయ్యేట్టు చేసేది. చేసి, ఎవరికీ చెప్పకుండా, మంచి పని చేసిన తండ్రిలాగా వెళ్ళి పడుకున్నాను.

కుర్రాడు నన్ను నొప్పించకుండానే చెప్పాడు. పేరు చూసి మోసపోవడం నా ఒక్కడికే కాలేదట. ఆ పాత గవర్నర్లలో పవర్‌సేవ్ అంటే నిజంగానే అట్టడుగు వేగం. కాని 2013 నుంచి లైనక్సులో ఇంటెల్ ప్రాసెసర్లకు వేరే డ్రైవరు ఒకటి వచ్చింది, ఇంటెల్ పీ-స్టేట్ అని. దాని బాధ్యత చూసేవారిలో శ్రీనివాస్ పండ్రువాడ అనే ఆయన ఒకరు. వేడిని కనిపెట్టి ముందుగానే జాగ్రత్తపడే థర్మల్‌డీ అనే ప్రోగ్రాము కూడా ఆయనదే. ఈ డ్రైవరు మామూలుగా చూపించే పేర్లు రెండే, పర్ఫార్మెన్స్, పవర్‌సేవ్ అని. ఇక్కడ పవర్‌సేవ్ అంటే పిసినారితనం కాదు. పని పడితే పైకెక్కి, పని తీరితే కిందికి దిగే పద్ధతి. నేను తీసి పారేసింది పిసినారిని కాదు, వివేకవంతుణ్ణి. తెచ్చి కూర్చోబెట్టింది ఎప్పుడూ పై గేరులోనే బండి నడుపుతానని పట్టుబట్టేవాణ్ణి.

"మరి ఉగాదికి చేస్తే మే నెల దాక ఎందుకు ఆగింది?" అన్నాను, తప్పు కొంతయినా ఎండ మీదికి నెడదామని.

"మీరే లెక్క కట్టుండ్రి సారూ. బిళ్ళ వేడి గది వేడి మీద నిలబడ్తది."

లెక్క అనేసరికి పేపరు అంచు మీద పెన్సిలు పెట్టాను. యంత్రం తన పని వల్ల గది వేడి కంటే 55 డిగ్రీలు ఎక్కువ కాగుతోందనుకోండి. ఉగాది నాడు గది 34 ఉంటే బిళ్ళ 89. హద్దులోనే ఉంది. మే నెలలో మేడగది 42. బిళ్ళ 97. అదే యంత్రం, అదే తప్పు. ఎండ వచ్చి దాన్ని బయట పెట్టింది, అంతే.

ఇక వేగానికీ వేడికీ ఉన్న సంబంధం. నన్ను నిజంగా కూర్చోబెట్టిన లెక్క ఇది. ప్రాసెసరు మా యంత్రంలో సెకనుకు 300 కోట్ల చిటికెలు వేస్తుంది. ఒక్కొక్క చిటికెకు లోపలి చిన్న చిన్న మీటలు తెరుచుకుంటూ మూసుకుంటూ, కొంచెం కొంచెం కరెంటు నింపుకుని ఒలకబోసుకుంటాయి. ఆ ఒలకబోసినదే వేడి. ఎన్నిసార్లు ఒలకబోసింది అన్నది వేగం. ఎంత ఒత్తిడితో నింపింది అన్నది వోల్టేజి. వేడి వేగాన్ని బట్టి పెరుగుతుంది, వోల్టేజి వర్గాన్ని బట్టి పెరుగుతుంది. వేగంగా పరుగెత్తాలంటే వోల్టేజి కూడా ఎక్కువ కావాలి. మెల్లగా నడిస్తే తక్కువ వోల్టేజి చాలు.

ఇప్పుడు రెండూ నూటికి ఇరవై చొప్పున తగ్గిద్దాం. వేగం 0.8. వోల్టేజి వర్గం 0.64. రెండూ గుణిస్తే 0.512. పెన్సిలు అక్కడ ఆగిపోయింది. వేగంలో ఐదో వంతు వదులుకుంటే వేడిలో దాదాపు సగం పోతుంది! ముప్ఫయ్యేళ్ళు పిల్లలకు ఘనాలు నేర్పినవాణ్ణి. ఘనం ఇంత పని చేస్తుందని నాకే ఎవరూ చెప్పలేదు. ఇది కాగితం లెక్క అనీ, పని లేనప్పుడు కూడా కారే వేడి కొంత ఉంటుందనీ, వోల్టేజి ఎప్పుడూ అంత ముచ్చటగా దిగదనీ, నిజంలో సగం కంటే తక్కువే కలిసి వస్తుందనీ కుర్రాడు హెచ్చరించాడు. సరే, అందులో కొంత వచ్చినా లాభమే గదా.

మేధావులు కూడా ఈ పాఠం కష్టపడే నేర్చుకున్నారట. 4 గిగాహెర్ట్‌జ్ పెంటియం 4 తెస్తామన్న ఇంటెల్ 2004లో ఆ ఆలోచన మానుకుంది. ఒక్క బిళ్ళనే ఇంకా ఇంకా పరుగెత్తిస్తే వేడిని పట్టడం కష్టమయింది. అప్పటినుంచి ఒక్కణ్ణే పరుగెత్తించడం తగ్గించి, ఒకే బిళ్ళలో ఇద్దరు ముగ్గురు పనివాళ్ళను కూర్చోబెట్టే దారి పట్టారు. మన చేతుల్లోని ఫోన్లలోనూ ఇటువంటి గవర్నర్లే ఉన్నారు. ఎండలో వదిలేసిన ఫోను మందగించిందంటే అది అలిగి కాదు. దాని గవర్నరు ప్రాణం కాపాడుతున్నాడు.

ఇంతలో మా చిన్నది ఒక అభ్యంతరం లేవదీసింది. "అన్నా, తొందరగ పని ముగించి పండుకుంటె గూడ మంచిదే గదా? మెల్లగ చేసుకుంట ఎక్కువసేపు మేలుకునుడెందుకు?"

కుర్రాడి ముఖం వెలిగింది. మంచి ప్రశ్నేనట. పెద్ద పెద్ద ఇంజనీర్లలో ఆ వాదం చేసేవారు ఉన్నారట. పని చకచకా ముగించి గాఢ నిద్రలోకి జారుకోవడానికి ప్రాసెసరుకు వేరే ఏర్పాట్లున్నాయి. ఆ నిద్రలో అది చాలా కొద్ది కరెంటే తాగుతుంది. చిన్న పనికి పరుగే మేలు కావచ్చు. "కాని నీ పాఠాలు గంటలు గంటలు ఆడ్తనే ఉంటయి. మధ్యల మధ్యల కునుకు తప్ప గాఢ నిద్రకు జాగ లేదు. ముగిసే పనికి పరుగు సరే. ముగియని పనికి పరుగుతోని ఏం లాభం?" అన్నాడు.

"పని చేసి పండుకుంటె సరేనే" అంది మా ఆవిడ. ఆమె చూపు తెర మీద లేదు, గోడ మీద ఉంది. "ఈడ పండుకోనిస్తలేరు గదా."

గోడ మీద నేను రాసి అంటించిన టైముటేబులుంది. ఎర్ర సిరాతో గీతలు గీసి, సర్కారు బడి కొలతల్లో తయారు చేసినది. తెల్లవారు జామున నాలుగు గంటలకు లేవడం. రాత్రి పదకొండుకు పడక. మధ్యలో ప్రతి గంటకూ ఒక పేరు. లెక్కలు, ఇంగ్లీషు, రీజనింగు, మళ్ళీ లెక్కలు. భోజనానికి ముప్ఫై నిమిషాలు. ఆదివారం ఖాళీ గడి ఒకటుంటే, అందులో మాదిరి పరీక్ష అని నింపింది కూడా నేనే.

ఎవ్వరూ ఏమీ అనలేదు. కుర్రాడు మర్యాద తెలిసినవాడు, తెర వైపు తిరిగి తన పని చేసుకున్నాడు. పర్ఫార్మెన్స్ తీసి పవర్‌సేవ్ పెట్టాడు. నేనెక్కించిన రెండో పంక్తిని తుడిచేశాడు. తర్వాత, వేసవి గడిచేదాకా ఉండనిమ్మని, పై హద్దు కూడా కాస్త దించాడు. లైనక్సులో ఇవన్నీ చిన్న చిన్న ఫైళ్ళలాగా కనిపిస్తాయి. ఒక దాంట్లో 3000000 అని ఉంది. ముప్ఫై లక్షల కిలోహెర్ట్‌జులు. దాన్ని 2400000 చేశాడు. ఇరవై నాలుగు లక్షలు. నా కాగితం లెక్కలోని ఎనభై పాళ్ళు.

పదిహేను నిమిషాలు అదే పాఠం ఆడించి మళ్ళీ వేడి అడిగాడు. 78000. గది అప్పుడు కూడా నలభై రెండే. పాఠంలో బొమ్మ నత్తి లేకుండా నడుస్తోంది. ఆరు లక్షలు తగ్గించినా పిల్లకు తేడాయే తెలియలేదు. నిజం చెప్పాలంటే మునుపటికన్నా బాగుందంది. మునుపు ముప్ఫై లక్షలతో మొదలుపెట్టి, కాలిపోయి, అడుక్కు జారి, మళ్ళీ ఎగిరి, మళ్ళీ జారేది. ఇప్పుడు ఇరవై నాలుగుతో మొదలుపెట్టి ఇరవై నాలుగుతోనే నడుస్తోంది.

పోతూ పోతూ కుర్రాడు నాకు నాలుగు మాటలు చెప్పాడు, మీకూ పనికి వస్తాయి. ముందు దుమ్ము, తర్వాత గాలి, ఆ తర్వాతే డ్రైవరు. పరుపు మీద యంత్రం పెట్టకూడదు. ఏడాదికోసారైనా మూత విప్పి తుడిపించాలి. ఫాను పాడయితే ఏ గవర్నరూ కాపాడలేదు. విండోస్ యంత్రమైతే పవర్ ఆప్షన్సులో ప్రాసెసరు గరిష్ఠ స్థితి అనే చోట నూరు తీసి తొంభై తొమ్మిది పెడితే, చాలా యంత్రాల్లో పై గేరు ఎక్కడం ఆగి వేడి దిగుతుంది. అన్నిటికన్నా ముందు, ఎవరో రాసిన పంక్తిని అర్థం తెలియకుండా ఎక్కించకూడదు. ఈ చివరి మాట చెప్పేటప్పుడు వాడు నా వైపు చూడలేదు.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. హాస్టలు నుంచి వచ్చిన నాటి పిల్ల పసుపు పచ్చని కళ్ళు కనబడుతూనే ఉన్నాయి. ఆ నలభై రోజులూ ఆ హాస్టలు నీళ్ళను తిట్టాను. తిండిని తిట్టాను. అక్కడ ఉన్న ఆరు నెలలూ, ప్రతిరోజూ సాయంత్రం నేను చేసిన ఫోను గుర్తుకు రాలేదు. ఎన్ని గంటలు చదివినవు? ఎన్ని మార్కులు వచ్చినయి? పక్కపిల్లకు ఎన్ని వచ్చినయి? తిన్నావా అని నేను అడిగిన రోజు ఎంత వెతికినా దొరకలేదు.

లేచి, చప్పుడు చేయకుండా మెట్లెక్కాను. పిల్ల నిద్రపోతోంది. ఫాను గాలికి టైముటేబులు మూల ఎగురుతోంది. జేబులోంచి పెన్సిలు తీసి నాలుగు గంటలు అన్నదాన్ని కొట్టేసి ఆరు అని రాశాను. రాత్రి పదకొండును పది చేశాను. మధ్యాహ్నం రెండు నుంచి మూడున్నర దాకా ఉన్న లెక్కల గడి కొట్టేసి ఊరికే వదిలేశాను. లెక్కల మాస్టారు లెక్కల గడి కొట్టేయడం నా సర్వీసులో అదే మొదటిసారి.

పొద్దున ఆరున్నరకు పిల్ల కిందికి వచ్చింది. చాయ్ గ్లాసు అందుకుని, నా ముఖం చూసి నవ్వింది.

"ఇరవై నాలుగు లక్షలకు దించినవా నాయినా?"

నేను పేపరు అడ్డం పెట్టుకున్నాను.

ఆ తర్వాత మాదిరి పరీక్షలు యంత్రం ఆగకుండా రాసింది. పుస్తకాల సంచి మళ్ళీ పైగదికి చేరింది. మొదటి పరీక్ష గట్టెక్కింది. రెండోది ఇంకా రాయాల్సి ఉంది. ఉద్యోగం వస్తుందో రాదో నాకు తెలియదుగాని, హాస్టలు మాట మాత్రం మళ్ళీ మా ఇంట్లో రాలేదు.

నాకొక కొత్త అలవాటు అబ్బింది. మధ్యాహ్నం పూట పైకి వెళ్ళి, కుర్రాడు నేర్పిన పంక్తి టైపు చేసి, జ్వరం చూసినట్టు అంకె చూసి వస్తాను.

"ఎంతున్నది?" అంటుంది మా ఆవిడ వంటింట్లోంచి.

"డెబ్బై ఆరు."

"దానిది గాదు. బిడ్డ ఎట్లున్నదో చూసిన్రా?"

మళ్ళీ మెట్లెక్కుతాను. ఖాళీ గడిలో పిల్ల పడుకుని ఉంటుంది.